దేశాయిగంజి బాలిక

దక్షిణమునుండి ఢిల్లీకి పోవు రైలు వార్ధానదిని దాటి బల్లార్షాలో నిలుచును. అచ్చటినుండి కొలది నిమిషములలో చంద్రపురము. పూర్వము చాందా యనబడిన యీ పట్టణమును, ఉద్యోగార్థమై రాజధానికి రాకపోకలు చేయు మనవారిలో చూడనివారు అరుదు. చూచితిమని జ్ఞాపకముంచుకొన్నవారు అంతకంటె అరుదు. గోండురాజుల కోటగోడలు, బొగ్గుగనులు, పొగగొట్టములు కిటికీలో కనబడి మరుగగును. ఆ సీమకును మనకును గల బాంధవ్యమును సయితము మరచితిమి. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనిది. దక్షిణమున సిరొంచ ప్రాంతములో నేటికిని ఇండ్లలో తెలుగు వినబడును. ఆ జిల్లాలోని యొక పోలీసు ఠాణాలో 1972 లో జరిగిన ఘోరమును, ఆ పిమ్మట చంద్రపురము సెషన్సు కోర్టులో జరిగిన విచారణయును తుదకు ఈ దేశపు శిక్షాస్మృతినే మార్చివైచినవి. ఆ కథ న్యాయవాదులకు పాఠ్యపుస్తకములలో పరిచయమే. తక్కిన పాఠకులకును తెలియవలసియున్నదని మా యభిప్రాయము.

ఇప్పుడీ ప్రస్తావన యేలయని కొందరడుగవచ్చును. నిజముగా జరిగిన హత్యలను, అత్యాచారములను కథలుగా చెప్పు ప్రదర్శనలకు నేడు మధ్యతరగతి గృహములలో లభించుచున్న ఆదరణయే కారణము. భోజనమైన పిదప ఇంటిల్లిపాదియు కూర్చుండి హంతకుని బాల్యమును, వాని తెలివితేటలను, వాడు దొరికిన తీరును ఉత్కంఠతో చూచుచున్నారు. చంపబడినవారెవరని మరునాడు ప్రశ్నించినచో సరిగా చెప్పగలవారుండరు. నేరమును గూర్చి తెలిసికొనగోరుట దోషమని మేమనము. న్యాయస్థానముల తలుపులు ప్రజలకు తెరచియుంచుటకు కారణమదియే. కాని దెబ్బతిన్నవారిని కథకు ముడిసరకుగా మాత్రమే చూచు అలవాటు మనకెట్లు పట్టుబడినదో ఆలోచింపవలెను. ఆ అలవాటు బుల్లితెరతో పుట్టినది కాదు. అది మా వృత్తులు రెంటిలోను, అనగా కోర్టులలోను పత్రికలలోను, చిరకాలమునుండి యున్నది. చంద్రపురపు కేసు అందులకు సాక్ష్యము.

ఆ కేసులోని బాలిక పేరు న్యాయగ్రంథములన్నిటను అచ్చైయున్నది. మేమిచ్చట దానిని వ్రాయము. అట్టి బాధితుల పేరును ప్రకటించుట నేరమని 1983 లో చట్టమే శాసించినది. ఆమె కేసు మూలముగా వచ్చిన చట్టము ఆమె పేరును తప్ప తక్కిన అందరి పేర్లను కాపాడుట ఒక విపరీతము.

ఆమె చిన్ననాటనే తల్లిదండ్రులను పోగొట్టుకొన్న ఆదివాసి బాలిక. అన్నదగ్గర నుండి, కూలిపని చేసికొని బ్రతుకుచుండెను. పనికి పోవుచుండిన యింట ఒక యువకునితో పరిచయమై, వారిరువురు వివాహమాడ నిశ్చయించుకొనిరి. అన్నకది యిష్టము లేకపోయెను. చెల్లెలిని ఎత్తుకొనిపోయిరని అతడు 1972 మార్చి 26 న దేశాయిగంజి ఠాణాలో ఫిర్యాదు చేసెను. దేశాయిగంజి అప్పుడు చాందా జిల్లాలోనిది. 1982 లో ఏర్పడిన గడ్చిరోలి జిల్లాలో ఇప్పుడున్నది. ఆ రాత్రి తొమ్మిది గంటల ప్రాంతమున అందరిని ఠాణాకు రప్పించి వాఙ్మూలములు వ్రాసికొనిరి. బాలిక పుట్టినతేదీ దాఖలా తెమ్మని అన్నతో చెప్పి హెడ్డుకానిస్టేబులు ఇంటికి పోయెను. అందరును వెలికి వచ్చుచుండగా, ఠాణాలో మిగిలిన యిద్దరు పోలీసులు ఆ బాలికను మాత్రము ఆపి, తక్కినవారిని బయట నుండుమనిరి. కొంతసేపటికి ఠాణాలో దీపములు ఆరిపోయినవి, తలుపు మూసియున్నది. ఆమెకై వచ్చినవారు పేరుపెట్టి పిలిచినను జవాబు లేకపోయెను. జనము గుమిగూడిరి. కొంతసేపటికి ఆమె వెలుపలికి వచ్చి, తనపై అత్యాచారము జరిగినదని చెప్పెను. కంచే చేను మేసినట్లయినది.

మరునాటి రాత్రి వైద్యపరీక్ష జరిగెను. అనగా ఇంచుమించు ఒక దినము గడచిన పిమ్మట. ఆమె వయస్సు 14 మొదలు 16 సంవత్సరములు ఉండవచ్చునని వైద్యులంచనా వేసిరి. శరీరముపై గాయములు లేవని వ్రాసిరి. పూర్వమే సంసర్గానుభవము కలదనియు వ్రాసిరి. ఈ రెండు వాక్యములు ఆ కేసును మ్రింగివైచినవి.

చంద్రపురము సెషన్సు న్యాయమూర్తి 1974 జూన్ 1 న తీర్పు చెప్పిరి. సంసర్గము జరిగియుండవచ్చును గాని బలాత్కారము రుజువు కాలేదని వారి నిర్ణయము. ఆ బాలిక అబద్ధములాడునదనియు, బయట ప్రియుడును జనమును కోపముతో నిలిచియుండగా తన శీలమును నిలుపుకొనుటకై బలాత్కారకథను కల్పించినదనియు వారు తలంచిరి. పోలీసులు విడుదలైరి. బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచి 1976 లో ఈ తీర్పును త్రోసివేసినది. ముద్దాయిలు ఆమెకు అపరిచితులు. ఆమె అన్న యిచ్చిన ఫిర్యాదు వారి చేతిలోనున్నది. అట్టి స్థితిలో ఆమె వారిని కోరి చేరినదనుట నమ్మదగినది కాదు. భయముచేత నిస్సహాయముగా లోబడుట వేరు, ఇష్టపడి సమ్మతించుట వేరు అని హైకోర్టు స్పష్టముగా పలికినది. ఒకనికి ఐదేండ్లు, రెండవవానికి ఏడాది శిక్ష విధించినది.

సుప్రీంకోర్టు 1978 సెప్టెంబరు 15 న ఆ శిక్షలను రద్దుచేసి ఇద్దరిని విడుదల చేసినది. గాయములు లేవు గనుక ప్రతిఘటన లేదు; ప్రతిఘటన లేదు గనుక జరిగినది శాంతముగనే జరిగినది; బంధువులు దగ్గరనుండగా చేయి పట్టినప్పుడే ఆమె ఎదిరింపవలసియుండగా ఎదిరింపలేదు గనుక భయమును రుజువు కాలేదు. ఇది ఆ తీర్పులోని తర్కము. తర్కమున ఒక మెట్టుపై నొకటి సక్రమముగా నున్నట్లే తోచును. మొదటి మెట్టే గాలిలోనున్నది. రాత్రి పది గంటలు దాటిన వేళ, పోలీసు ఠాణాలో, యూనిఫారము ధరించిన యిద్దరు పురుషులయెదుట, పదునైదేండ్ల కూలిపిల్ల ఎట్లు ఎదిరింపవలెను? ఉండుమన్నచో ఉండవలెననియు, రమ్మన్నచో రావలెననియు పుట్టినది మొదలు ఆమెకు నేర్పినది మన సమాజమే గదా. అధికారికి లోబడుట నేర్పి, లోబడినందులకు సమ్మతియని పేరుపెట్టుట ఏ ధర్మశాస్త్రము?

ఈ తీర్పు ఒక సంవత్సరకాలము న్యాయపత్రికలలో నిద్రించెను. 1979 సెప్టెంబరు 16 న నలుగురు న్యాయాచార్యులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కారు, రఘునాథ కేల్కరు, వసుధా ధగంవారు ఆ నలుగురు. సమ్మతికిని లోబాటునకును గల భేదమును న్యాయస్థానము విస్మరించినదనియు, ఠాణాకు బాలికను రాత్రివేళ రప్పించుటను గూర్చి ఒక్క మందలింపుమాటయైన తీర్పులో లేదనియు వారు ఎత్తిచూపిరి. న్యాయశాస్త్రము చదివినవారు న్యాయస్థానముతో మర్యాద తప్పకుండ, మొగమాటము లేకుండ మాటాడగలరనుటకు ఆ లేఖ ఉదాహరణము. దానిని చేతబట్టుకొని 1980 లో బొంబాయి, ఢిల్లీ మున్నగు నగరములలో స్త్రీలు వీధులకెక్కిరి. పునర్విచారణ మాత్రము జరుగలేదు.

1983 లో పార్లమెంటు శిక్షాస్మృతిని, సాక్ష్యచట్టమును సవరించెను. పోలీసుల యొక్కయు, ప్రభుత్వోద్యోగుల యొక్కయు కస్టడీలో జరిగిన అత్యాచారము ప్రత్యేకనేరమైనది. అట్టి కేసులలో సంసర్గము రుజువై, తాను సమ్మతింపలేదని స్త్రీ చెప్పినచో, సమ్మతి లేదనియే కోర్టు భావింపవలెనని 114-ఎ సెక్షను శాసించినది. విచారణ మూసిన తలుపులలోపల జరుగవలెననియు, పేరు బయలుపరచరాదనియు నియమములు వచ్చినవి. ప్రతిఘటింపకపోవుట సమ్మతి కాదని 2013 సవరణ విడమరచి చెప్పినది. చంద్రపురపు కేసులో అంత పని చేసిన పూర్వసంసర్గపరీక్షను 2013 లోను, మరల 2022 అక్టోబరు 31 న మిక్కిలి గట్టిగాను సుప్రీంకోర్టు నిరసించినది. ఆ పరీక్ష చేయువారు దుష్ప్రవర్తన దోషులగుదురని హెచ్చరించినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న క్రొత్త న్యాయసంహితలును ఈ సూత్రములను నిలిపియుంచినవి.

నిర్దోషులకు దీనివలన ముప్పు కలుగదా యని మా వృత్తిసోదరులు కొందరడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. కాని 114-ఎ సెక్షను చెప్పిన అనుమితి అందరికిని వర్తించునది కాదు. అధికారము చేతనున్నవాడు తన చేతిలో చిక్కినవారిని చెరచినాడన్న కేసులు మొదలైన కొన్ని తీవ్రమైన కేసులకే పరిమితము. అదియు సంసర్గము రుజువైన తరువాతనే. ముద్దాయి దానిని ఖండించుటకు సాక్ష్యమీయవచ్చును. తాళపుచెవి ఎవరి చేతిలోనున్నదో గదిలో జరిగినదానికి వారిని జవాబు చెప్పుమనుట అన్యాయము కాజాలదు.

ఇన్ని మార్పులు ఒక బాలిక కేసుచే కలిగినవి. ఆ బాలికకు కలిగిన లాభమేమి? ఏమియు లేదు. చట్టము వెనుకకు నడవదు. సుప్రీంకోర్టు తీర్పు ఆమె విషయమున మారలేదు. న్యాయగ్రంథములలో ఆమె నేటికిని నమ్మదగని సాక్షియే. మనము సభలలో ఆమె కేసును చరిత్రాత్మకమని పొగడుచున్నాము. చరిత్ర దేశమునకు దక్కినది, అపకీర్తి ఆమెకు దక్కినది.

ఇది యెక్కడనో అడవిజిల్లాలో జరిగినదని తెలుగువారు చేతులు దులుపుకొనుటకు వీలులేదు. సుప్రీంకోర్టు ఆ తీర్పిచ్చిన 1978 లోనే, మార్చి నెలాఖరున, హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక పేద ముస్లిము స్త్రీపై పోలీసులు అత్యాచారము చేసిరి. అడ్డువచ్చిన ఆమె భర్తను కొట్టగా అతడు మరణించెను. అతడు రిక్షా త్రొక్కి బ్రతుకువాడు. నగరము అట్టుడికిపోయినది, కాల్పులలో మరికొందరు చనిపోయిరి. జస్టిసు ముక్తదరు కమిషను విచారించి పోలీసులను దోషులుగా తేల్చినది. కాని క్రిమినలు కేసు రాయచూరు కోర్టుకు బదిలీయై, అచ్చట ముద్దాయిలు విడుదలైరి. ఆ విచారణలన్నిటను ఆమె యెట్టి స్త్రీ, ఆమె వివాహము సక్రమమైనదా అను ప్రశ్నలే మారుమ్రోగినవి. భర్త చనిపోయినది నిజము; ఆయినను పరీక్ష జరిగినది భార్య శీలమునకు. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లయినది.

నలువదియొక్క సంవత్సరముల తరువాత, 2019 నవంబరు 27 న, హైదరాబాదు శివార్లలో ఒక యువ పశువైద్యురాలు అత్యాచారమునకు గురియై చంపబడినది. కూతురు ఇల్లు చేరలేదని ఆ రాత్రి ఆ కుటుంబము ఠాణాకు పోగా, ఇది మా పరిధిలోనిది కాదని త్రిప్పిరన్న ఆరోపణపై పోలీసు సిబ్బంది సస్పెండుచేయబడిరి. చట్టము వలదన్నను ఆమె అసలుపేరును, ఛాయాచిత్రమును పత్రికలు, టెలివిజనులు దినములతరబడి ప్రకటించినవి. డిసెంబరు 6 న నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో చనిపోయిరి. జనము పోలీసులపై పూలు చల్లిరి. న్యాయము జరిగినదని చదువుకొన్నవారు, న్యాయవాదులు సయితము చెప్పుకొనిరి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కరు కమిషను 2022 లో నివేదికను వెల్లడింపగా, చంపవలెనను తలంపుతోనే కాల్పులు జరిగినవనియు, పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదనియు, చనిపోయినవారిలో ముగ్గురు మైనరులనియు తేలినది. ఆ నలుగురే నేరము చేసిరా, ఆ రాత్రి యేమి జరిగినది, సకాలమున ఠాణా కదలియున్నచో ఆమె బ్రతికియుండెడిదా అను ప్రశ్నలు ఇక ఏ కోర్టులోను పూర్తిగా విచారింపబడవు. ఆమె తల్లిదండ్రులకు ఆ సత్యము దక్కలేదు.

దేశాయిగంజిలో ఠాణాను నమ్మి ఆ బాలికను నమ్మకపోతిమి. హైదరాబాదులో ఠాణాను నమ్మి కోర్టునే వలదంటిమి. రెండుచోట్లను బాధితురాలిపేర జరిగినది వేరు, ఆమెకు కావలసినది వేరు.

ఇంతవరకు న్యాయమూర్తులను, పోలీసులను విమర్శించితిమి. మా తప్పును దాచుకొని ఈ వ్యాసము ముగించుట నిజాయితీ కాదు. రమారమి పాతికేండ్ల క్రిందట మేము ఒక సీనియరు న్యాయవాదివద్ద జూనియరుగా నుంటిమి. ఒక జిల్లాకోర్టులో ఇట్టి కేసే వచ్చెను. ఫిర్యాది చరిత్రను ప్రశ్నించుటకు సాక్ష్యచట్టము 155 వ సెక్షను అప్పటికింకను అవకాశమిచ్చుచుండెను. 2003 లో గాని ఆ ఉపవిధి పోలేదు. ఎదురుప్రశ్నలు వ్రాయుపని మాకప్పగింపబడినది. ఆమె యెవరెవరితో మాటాడెడిది, ఇల్లు ఎన్నిగంటలకు చేరెడిది, పూర్వము చూచిన పెండ్లిసంబంధము ఏల తప్పిపోయినది అని పదునేడు ప్రశ్నలు వ్రాసితిమి. సీనియరుగారు మెచ్చుకొనిరి. బోనులో ఆమె నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పి, ఐదవదానికి తలవంచుకొని యూరకుండెను. ఆ మౌనమును మేము మా కక్షిదారునికి అనుకూలముగా కాగితముపై గుర్తించుకొంటిమి. అతడు విడుదలయ్యెను. అతడు నేరము చేసినాడో లేదో మాకు తెలియదు. తెలిసికొనుటకై ఆ ప్రశ్నలు వ్రాయలేదు. ఆమె మాటాడకుండ చేయుటకే వ్రాసితిమి. చంద్రపురపు తీర్పును చదివినప్పుడెల్ల ఆ ఐదవ ప్రశ్న మాకు జ్ఞప్తికి వచ్చును.

కాబట్టి మేము చెప్పునది పరులకు చేయు ఉపదేశము కాదు. ఈ పుటను చదువువారిలో న్యాయవాదులు, వైద్యులు, ఉద్యోగులు, పత్రికలవారు హెచ్చుగా నున్నారు. తిలాపాపము తలాపిడికెడన్నట్లు మనలో ప్రతివానికిని ఇందు భాగము కలదు. ప్రతివానికిని చేయదగిన పనియు కలదు.

న్యాయవాదులు ముద్దాయిపక్షమున శక్తికొలది వాదింపవలసినదే, అది ధర్మము. కాని ఫిర్యాది పూర్వచరిత్ర నేడు సాక్ష్యము కాదు. ఆ ప్రశ్న లేచినపుడు ప్రభుత్వ న్యాయవాది ఆక్షేపింపవలెను, న్యాయమూర్తి ఆపవలెను. ఆక్షేపింపని ప్రశ్న రికార్డులో చేరకపోయినను బోనులోనున్న మనిషి హృదయమున చేరును. వైద్యులకు రెండు విధులున్నవి. నిషిద్ధమైన పరీక్షను చేయరాదు. ప్రభుత్వాసుపత్రి గాని ప్రయివేటు ఆసుపత్రి గాని, వచ్చిన బాధితురాలికి వెంటనే ఉచితముగా చికిత్స చేయవలెను. పోలీసు కాగితము వచ్చువరకు వేచియుండుమనుట నేడు శిక్షార్హమైన నేరము. గాయములు లేకపోవుటకును జరిగిన ఆలస్యమునకును గల సంబంధమును నివేదికలో వ్రాయుట మరువరాదు. దేశాయిగంజి కేసులో ఒక్క దినపు ఆలస్యము బరువును ఎవరును తూచలేదు. పోలీసుశాఖవారు పరిధియను మాటను ఫిర్యాది చెవిని వేయరాదు. ఏ ఠాణాలోనైనను ఫిర్యాదును నమోదుచేసికొని పిదప తగినచోటికి పంపవలెనని చట్టమే చెప్పుచున్నది.

పత్రికలవారము పేరును, ఊరును, బంధువులను బయలుపెట్టకుండ వ్రాయుట నేర్చుకొనవలెను. అంతకంటె కష్టమైనది మరియొకటి కలదు. మొదటివారము పెద్ద అక్షరములతో అచ్చువేసిన కేసు మూడేండ్ల తరువాత ఏ దశలోనున్నదో పోయి చూచివచ్చి వ్రాయుట. సాక్షులు తిరుగుచున్నారా, పరిహారము చేరినదా, ఆ కుటుంబము ఊరిలో నిలువగలిగినదా అని విచారించుట. బాధితులకు పరిహారమీయవలసిన పథకము ప్రతిరాష్ట్రమునను కలదు; జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టవలెను. ఈ సంగతి తెలియక ఎన్ని కుటుంబములు ఊరకున్నవో! దరఖాస్తు వ్రాసిపెట్టుటకు చదువుకొన్న పొరుగువాడు ఒక్కడు చాలును.

ఇక పాఠకులు. నేరకథలను చూడవలదని మేము శాసింపజాలము, శాసించినను వినువారుండరు. చూచినపిదప ఒక్క ప్రశ్న వేసికొనుడని మాత్రము వేడుచున్నాము. ఈ కథలో దెబ్బతిన్న మనిషి ఏమి చెప్పినది, ఆమె మాటను మొదట విన్నవారెవరు, విని యేమిచేసిరి? దేశాయిగంజిలో ఆ రాత్రి ఠాణా బయట గుమిగూడినవారు చదువురానివారు, కూలివారు. చీకటిలో ఆమెను పేరుపెట్టి పిలిచినవారు వారే. వెలుపలికి వచ్చి ఆమె చెప్పినదానిని తక్షణము నమ్మినవారును వారే. ఆ తరువాత ఆరున్నర సంవత్సరములు ఆ మాటను పరీక్షించిన చదువరులము మనము. వారి నమ్మిక సరియైనదని దేశము 1983 లో చట్టముచేసి ఒప్పుకొన్నది. ఆమెకు మాత్రము ఆ మాట ఎవరును పోయి చెప్పలేదు.